హైబ్రిడ్ నుంచి నిలకడైన రకం దాకా: టమాటాలో సొంత వంగడం తయారు చేసుకునే పద్ధతి

విత్తు ఒకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటాం. హైబ్రిడ్ టమాటా రుచిగా ఉందని గింజ దాచి మళ్లీ వేసినవాళ్లకు అచ్చం అలాగే అనిపిస్తుంది. ఒక మొక్క తలెత్తు పెరుగుతుంది, పక్కది మోకాలి దగ్గరే ఆగిపోతుంది. ఒకదానికి గుండ్రటి ఎర్ర పండ్లు, ఇంకోదానికి కోలగా పసుపు పండ్లు. గింజలో మోసమేమీ లేదు. హైబ్రిడ్ మొక్కలో తల్లి నుంచి వచ్చిన జన్యువు ఒకటి, తండ్రి నుంచి వచ్చిన వేరే జన్యువు ఒకటి జతగా ఉంటాయి. గింజ కట్టేటప్పుడు ఆ జతలు విడిపోయి, ఒక్కో గింజలో ఒక్కో రకంగా మళ్లీ కలుస్తాయి.

ఆ కలగాపులగంలోంచి మనకు నచ్చిన కలయికను పట్టుకుని, తరం తర్వాత తరం ఒకేలా వచ్చేలా చేయడమే రకాన్ని నిలకడ చేయడం. టమాటాలో దీనికి 6 నుంచి 8 తరాలు పడుతుంది. చాలామంది మధ్యలో వదిలేయడానికి కారణం ఓపిక లేకపోవడం కాదని నా అభిప్రాయం. వాళ్లు మొక్కను చూసి ఎంచుతారు. ఎంచాల్సింది మొక్క పిల్లల్ని చూసి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

టమాటానే తీసుకోవడానికి కారణం ఉంది. దాని పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. తరాల తరబడి ఇలా సొంత పుప్పొడితో పెంచినా మొక్క బలహీనపడదు. ఆడ మగ మొక్కలు వేరువేరుగా ఉండే పంటల్లో ఇదే పని చాలా కష్టం.

ముందు కాగితం మీద

ఏం కావాలో రాసుకోండి. మూడు లక్షణాలకు మించొద్దు. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఒకే లక్షణానికి ఉన్న రెండు రూపాలు ఒక మొక్కలో కలిసినప్పుడు పైకి కనిపించేదాన్ని బహిర్గత లక్షణం అంటాం, దాగి ఉండేదాన్ని అంతర్గత లక్షణం అంటాం. హైబ్రిడ్ గింజల నుంచి వచ్చే తరంలో ఒక అంతర్గత లక్షణం నాలుగు మొక్కల్లో ఒకదానికి బయటపడుతుంది. రెండు కలిసి కావాలంటే 16లో ఒకటి, మూడు కావాలంటే 64లో ఒకటి. సగటు అంతే అయినా అదృష్టం అటూ ఇటూ అవుతుంది కాబట్టి, కనీసం ఒక్క మొక్కైనా దొరుకుతుందని 95 శాతం ధీమా ఉండాలంటే ఒక లక్షణానికి 11 మొక్కలు, రెండింటికి 47, మూడింటికి 191 పెంచాలి. నాలుగోది చేర్చారంటే మీ పెరడు చాలదు.

టమాటాలో ఒక్క జన్యువుతో నడిచే లక్షణాలు కొన్ని బాగా తెలిసినవే. ఎర్ర గుజ్జు బహిర్గతం, పసుపు గుజ్జు అంతర్గతం. పసుపు తొక్క బహిర్గతం, రంగులేని తొక్క అంతర్గతం. ఎర్ర గుజ్జు మీద రంగులేని తొక్క ఉంటే ఆ పండు గులాబీ రంగులో కనిపిస్తుంది. అంచుల్లో చీలికలున్న మామూలు ఆకు బహిర్గతం, బంగాళాదుంప ఆకులా నున్నటి అంచున్న ఆకు అంతర్గతం. పొడవు మొక్క బహిర్గతం, ముడతల ఆకుల పొట్టి మొక్క అంతర్గతం. కాయ సైజు, రుచి, దిగుబడి అలా కాదు, వాటిని చాలా జన్యువులు కలిసి నడుపుతాయి. పెద్ద కాయ రకాన్ని చెర్రీ టమాటాతో కలిపితే మొదటి తరం కాయ సరిగ్గా మధ్యలో రాదు, చిన్నదాని వైపే మొగ్గుతుంది. కాయ సైజు ముఖ్యమైతే చెర్రీ జోలికి పోకండి.

తల్లిదండ్రుల ఎంపిక

ఇద్దరూ ఇప్పటికే నిలకడగా ఉన్న రకాలు కావాలి. ఒక ఉదాహరణ పెట్టుకుని దాన్నే చివరిదాకా తీసుకెళ్దాం. తల్లి: పొడవు మొక్క, బంగాళాదుంప ఆకు, పెద్ద ఎర్ర పండు, మంచి రుచి. తండ్రి: పొట్టి మొక్క, మామూలు ఆకు, పసుపు పండు. మనకు కావాల్సింది బంగాళాదుంప ఆకుతో, పసుపు పండ్లతో కుండీలో పెరిగే పొట్టి మొక్క. తల్లి రుచి కూడా రావాలి.

బంగాళాదుంప ఆకు మొక్కనే తల్లిగా పెట్టడంలో ఒక ఉపాయం ఉంది. సంకరం నిజంగా కుదిరితే పుట్టే మొలకలన్నిటికీ మామూలు ఆకే వస్తుంది. ఏ మొలకకైనా బంగాళాదుంప ఆకు వచ్చిందంటే తల్లి తన పుప్పొడితోనే కాయ కట్టిందని అర్థం. ఆ మొలక పీకేయొచ్చు. మన చేతిపనికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఒక హెచ్చరిక. కొన్ని జన్యువులు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి, అంత తేలిగ్గా విడిపోవు. కొంత ఎత్తు పెరిగి తనంతట తానే ఆగిపోయే గుబురు మొక్క లక్షణం, బంగాళాదుంప ఆకు లక్షణం రెండూ ఆరో క్రోమోజోములో దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకటి తల్లి నుంచి, ఇంకోటి తండ్రి నుంచి తెచ్చి కలపాలంటే 16లో ఒకటి అన్న లెక్క చెల్లదు, వందల మొక్కలు వెతకాలి. మన ఉదాహరణలో పొట్టి మొక్క జన్యువు రెండో క్రోమోజోములో, పసుపు గుజ్జుది మూడోదాంట్లో, ఆకుది ఆరోదాంట్లో ఉన్నాయి. అందుకే లెక్క సాఫీగా నడుస్తుంది.

పువ్వు దగ్గర పని

సన్న మొన ఉన్న పట్టకారు, భూతద్దం, నల్ల కాగితం ముక్క, ట్యాగులు, పల్చటి నెట్ సంచులు ఉంటే చాలు. పట్టకారును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

తల్లి మొక్క మీద సరైన మొగ్గను గుర్తించడంలోనే సగం పని ఉంది. మొగ్గ పచ్చటి రక్షక పత్రాలను తోసుకుని రేకులు బయటికి తొంగిచూస్తుండాలి. ఆ రేకులు ఇంకా లేత ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉండాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ అది. రేకులు నిండు పసుపుకు తిరిగి విచ్చుకున్నాయంటే ఆలస్యమైనట్టే, లోపల పుప్పొడి రాలడం మొదలై ఉంటుంది. పెద్ద కాయ రకాల్లో తొలి పువ్వులు రెండు మూడు అతుక్కుని వికారంగా వస్తాయి. వాటిని వదిలేసి తర్వాతి గుత్తిలో మామూలు మొగ్గ చూసుకోండి.

మొగ్గను ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య మెల్లగా పట్టుకోండి. రేకులను పక్కకు తీస్తే మధ్యలో చిన్న శంఖువులా కేసరాల గొట్టం కనిపిస్తుంది. పట్టకారు మొనను ఆ గొట్టం పక్క నుంచి దూర్చి నిలువుగా చీల్చండి, తర్వాత ముక్కలుగా లాగేయండి. మొనను లోతుగా గుచ్చితే అడుగున ఉన్న అండాశయం గాయపడి రెండు రోజుల్లో పువ్వు రాలిపోతుంది. చివరికి మిగలాల్సింది ఆకుపచ్చ దారప్పోగులాంటి కీలం, దాని కొసన గుండుసూది తలంత కీలాగ్రం. భూతద్దంతో చూడండి. పసుపు పొడి ఒక్క రేణువు కనిపించినా ఆ పువ్వు తుంచేయండి. అదే గుత్తిలోని మిగతా పువ్వులు, మొగ్గలు కూడా తీసేయండి.

తండ్రి మొక్క మీద మాత్రం పూర్తిగా విచ్చుకుని రేకులు వెనక్కి వంగిన పువ్వు కావాలి. మంచు ఆరి ఎండ కాస్త పైకెక్కాక పుప్పొడి బాగా రాలుతుంది. పువ్వు కింద నల్ల కాగితం పట్టుకుని, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని కాడకు ఆనిస్తే సన్నటి పొడి పడుతుంది. తల్లి పువ్వు కీలాగ్రాన్ని ఆ పొడిలో అద్దండి. మర్నాడు మరోసారి అద్దితే కాయ కట్టే అవకాశం పెరుగుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ పని పెట్టుకోకండి, పుప్పొడి పనిచేయదు.

నెట్ సంచి తొడిగి, ట్యాగు కట్టండి. ట్యాగు మీద ముందు తల్లి పేరు, తర్వాత గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు, తేదీ. పెన్ను ఇంకు ఎండకు, వానకు వెలిసిపోతుంది, పెన్సిల్‌తో రాయండి. రక్షక పత్రాల్లో రెండింటిని సగానికి కత్తిరించండి. పండయ్యాక కూడా ఆ కత్తిరింపు కనిపిస్తుంది కాబట్టి ట్యాగు ఊడిపోయినా సంకరం కాయ ఏదో తెలిసిపోతుంది. ఒక్క పువ్వుతో సరిపెట్టుకోకుండా ఐదారు పువ్వులకు చేయండి. కుదిరితే వారంలోపు పిందె ఉబ్బుతుంది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పండుతుంది. చెట్టు మీదే బాగా పండనివ్వండి.

మొదటి తరం: ఎఫ్1

ఈ గింజలు వేస్తే పొడవు మొక్కలు, మామూలు ఆకులు, ఎర్ర పండ్లు వస్తాయి. మనకు కావాల్సిన మూడింటిలో ఒక్కటీ కనిపించదు. ఇక్కడే కొందరు నీరుగారిపోతారు. అన్నీ లోపలే భద్రంగా ఉన్నాయి. రెండు మూడు మొక్కలుంచితే చాలు, అన్నీ ఒకేలా ఉంటాయి. వేర్వేరుగా ఉన్నాయంటే తల్లిదండ్రుల్లో ఎవరో నిలకడైన రకం కాదన్నమాట. పువ్వులకు సంచులు తొడిగి, వాటంతట వాటినే కాయనివ్వండి.

బజారులో కొన్న హైబ్రిడ్ నుంచి మొదలుపెట్టేవాళ్లు ఇంతవరకూ చెప్పిన పనంతా తప్పించుకోవచ్చు. వాళ్ల చేతిలో ఉన్నది ఎఫ్1 మొక్కే. కాకపోతే దాని తల్లిదండ్రులెవరో తెలియదు కాబట్టి ముందు లెక్కలు వేసుకునే వీలుండదు. తర్వాత గింజ అమ్మే ఆలోచన ఉంటే ఆ రకం మీద హక్కులేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి.

రెండో తరం: ఎఫ్2

మొత్తం పనిలో ఎక్కువ చోటు, ఎక్కువ మొక్కలు అవసరమయ్యేది ఇక్కడే. ఇక్కడ పిసినారితనం చూపిస్తే తర్వాత ఎన్ని తరాలు కష్టపడినా లేనిది రాదు. 191 మొక్కలంటే బెదిరిపోకండి, అన్నిటినీ నేలలో నాటక్కర్లేదు. 200 గింజలు నారు ట్రేలలో పోయండి. మొదటి అసలు ఆకును చూసి తీర్పు చెప్పొద్దు, మామూలు రకాల్లోనూ అది కాస్త నున్నగానే ఉంటుంది. మూడో, నాలుగో ఆకు వచ్చాక కూర్చుని ఏరండి. పొట్టి మొలకలు చూడగానే తెలిసిపోతాయి: కణుపుల మధ్య దూరం తక్కువ, ఆకు ముదురు పచ్చగా, మందంగా, ముడతలతో ఉంటుంది. పొట్టిగా ఉండి, ఆకు అంచు నున్నగా ఉన్నవి 16లో ఒకటి, అంటే 200లో ఓ డజను. వాటినే నాటండి. వాటిలో మూడింటికో నాలుగింటికో పసుపు పండ్లు కాస్తాయి. ట్రేలలో పని ముగించుకుంటే నేలలో 12 మొక్కల చోటు సరిపోతుంది.

పసుపు ఒక్కటీ రాకపోతే? కంగారు వద్దు. పొట్టిగా, బంగాళాదుంప ఆకుతో ఉన్న ఎర్రపండు మొక్కల్లో మూడింట రెండు వంతులు పసుపు జన్యువును దాచుకునే ఉంటాయి. వాటి గింజలు వేస్తే తర్వాతి తరంలో నాలుగోవంతుకు పసుపు వస్తుంది. ఒక సీజన్ ఆలస్యమవుతుంది, అంతే.

మనం కోరుకున్న మూడూ అంతర్గత లక్షణాలే కావడం కలిసొచ్చే విషయం. అంతర్గత లక్షణం పైకి కనిపించిందంటే ఆ జత రెండువైపులా ఒకటే ఉన్నట్టు, ఆ రోజే స్థిరపడిపోయినట్టు. కానీ రుచి, కాయ సైజు, పగుళ్లు, కాపుకొచ్చే రోజులు ఇంకా ఊగిసలాడుతూనే ఉంటాయి. ఎంచిన ప్రతి మొక్క గింజ విడిగా తీసి, విడి కవర్లో పెట్టండి. కలిపేశారంటే ఏ పిల్ల ఏ తల్లిదో తెలియదు, ఆ తర్వాత చేసేదంతా గుడ్డిగా చేసినట్టే.

మూడో తరం: పిల్లల పరీక్ష

నేను చేసిన మొదటి సంకరంలో ఎఫ్2 మొక్క ఒకటి నన్ను కట్టిపడేసింది. నిండా కాయలు, ఎర్రగా, కండపట్టి, కోస్తే గింజల అర చిన్నగా ఉండేది. మిగతా మొక్కల గింజ దాచనే లేదు. తర్వాతి సీజన్‌లో దాని పిల్లలు 20 నాటితే ఐదింటికి పసుపు పండ్లు, సైజులు రకరకాలు, తల్లంత కాపు ఒక్కదానికీ లేదు. తర్వాత గుర్తొచ్చింది, ఆ మొక్క ఉన్నది ఎరువు కుప్ప పక్కన. నేను ఎంచింది జన్యువుల్ని కాదు, ఎరువుని. పోలికకు వేరే కుటుంబం ఒక్కటీ నా దగ్గర లేకపోయింది. రెండు సీజన్లు పోయాయి.

అందుకే ఎఫ్2 నుంచి కనీసం నాలుగైదు మొక్కలు ఎంచండి. ఒక్కోదాని గింజను ఒక వరుసగా, 12 నుంచి 16 మొక్కలు నాటండి. ఒక తల్లి పిల్లలంతా ఒక కుటుంబం. ముందు కుటుంబాల్ని పోల్చండి, తర్వాతే కుటుంబంలో మొక్కల్ని. పిల్లలు మొత్తంగా బాగున్న వరుసలోంచి ఎంచిన మొక్క, సాదాసీదా వరుసలో ఒంటరిగా మెరిసిన మొక్క కంటే నమ్మదగ్గది. అంచున ఉన్నవి, నీళ్లు ఎక్కువ అందినవి, పక్క మొక్క చచ్చిపోయి చోటు దొరికినవి ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

బహిర్గత లక్షణం కోరుకున్నవాళ్లకు ఈ తరం మరీ ముఖ్యం. ఎఫ్2లో ఎర్ర పండు మొక్కలు మూడుంటే, వాటిలో ఒకటి మాత్రమే శుద్ధమైనది, రెండు పసుపును దాచుకున్నవి. కళ్లతో చూసి తేడా చెప్పలేం. పిల్లల్ని పెంచితేనే తేలుతుంది. బఠానీల మీద పనిచేసి 1866లో ఫలితాలు అచ్చువేసిన మెండెల్ చేసింది ఇదే: లక్షణానికి 100 మొక్కలు తీసుకుని, ఒక్కోదానివి 10 గింజలు నాటి, ఏది విడిపోతోంది, ఏది నిలబడుతోంది అని లెక్కపెట్టాడు. మీరు 11 వేయండి. 11లో ఒక్కటీ తేడాగా రాకపోతే ఆ తల్లి శుద్ధమైనదని చాలావరకు నమ్మొచ్చు. 17 వేస్తే ఇంకా గట్టిది.

నాలుగు నుంచి ఎనిమిది దాకా

సొంత పుప్పొడితో గింజ కట్టిన ప్రతిసారీ, విడిపోకుండా మిగిలిన తేడా జతలు, అంటే రెండువైపులా వేర్వేరు జన్యువులున్నవి, సగానికి పడిపోతాయి. ఎఫ్1లో నూటికి నూరు తేడా జతలనుకుంటే ఎఫ్2లో 50, ఎఫ్3లో 25, ఎఫ్4లో 12.5, ఎఫ్5లో సుమారు 6, ఎఫ్6లో 3, ఎఫ్8 వచ్చేసరికి ఒక్క శాతం కంటే తక్కువ. ఈ లెక్క మన చేతిలో లేదు, ఎంత గొప్పగా ఎంచినా తొందరపడదు. తొందరపెట్టగలిగేది తరాల వేగాన్నే. 2000ల దశకం మధ్యలో పొట్టి టమాటాల కోసం అమెరికా, ఆస్ట్రేలియా ఔత్సాహికులు కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఒక గోళార్ధంలో సీజన్ ముగియగానే గింజ రెండోదానికి వెళ్లేది, అలా ఏడాదికి రెండు తరాలు నడిపారు. అందులోంచి వందకు పైగా రకాలు వచ్చాయి.

ఈ తరాల్లో చోటు తగ్గించుకోవచ్చు. మంచి కుటుంబాలు రెండు మూడు ఉంచుకుని, ఒక్కోదానికి ఆరేడు మొక్కలు చాలు. అంత చోటు కూడా లేకపోతే ఇంకో దారి ఉంది: ఎఫ్2 నుంచి 30, 40 మొక్కలు తీసుకుని, ఏమీ ఎంచకుండా ఒక్కోదాని నుంచి ఒక్కో గింజ మాత్రమే ముందుకు తీసుకెళ్లడం. చిన్న కుండీల్లో ఒక్కో కాయ కాయిస్తే సరిపోతుంది. ఎఫ్5 లేదా ఎఫ్6 దగ్గర అన్నిటినీ నేలలో నాటి అప్పుడు ఎంచుతారు. రుచి, దిగుబడి లాంటి వాటికి ఇది మంచి పద్ధతే, ఎందుకంటే అప్పటికి మొక్క చూపించేది దాదాపు దాని పిల్లల్లోనూ నిలుస్తుంది. నేను మాత్రం వరుసల పద్ధతినే ఇష్టపడతాను. ప్రతి తరంలో పండు కొరికి చూసే అవకాశం ఉంటుంది.

ఆరో తరం దాటాక ఎంపిక పద్ధతి మారాలి. 1903లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్‌సెన్ చిక్కుడు జాతి గింజలతో దీన్ని తేల్చి చెప్పాడు: శుద్ధమైన వంశంలో పెద్ద గింజ వేసినా చిన్న గింజ వేసినా పిల్లల సగటు ఒకటే. కాబట్టి ఎఫ్7లో అన్నిటికంటే పెద్ద కాయ నుంచి గింజ తీయడం వల్ల ఒరిగేదేమీ లేదు. రకానికి అచ్చమైన ప్రతినిధిలా ఉన్న, రోగం లేని నాలుగైదు మొక్కల నుంచి గింజ తీసుకోండి. వేరుగా కనిపించే కేళీలను పూత రాకముందే పీకేయండి.

గింజ కాపాడుకోవడం

టమాటా తన పుప్పొడే వాడుకుంటుందన్న ధీమాతో సంచులు మానేయకండి. కీలాగ్రం కేసరాల గొట్టం దాటి బయటికి పొడుచుకొచ్చే రకాల్లో తేనెటీగలు పరాయి పుప్పొడి తెచ్చిపెడతాయి. అలాంటి ఒక్క గింజ చాలు, ఐదు తరాల శ్రమలో కొత్త చిక్కు మొదలవుతుంది. పూత రాకముందే గుత్తికి సంచి తొడిగి, కాయ కట్టాక తీసేసి, ఆ కాడకు రంగు దారం కట్టండి. రోజుకోసారి గుత్తిని వేలితో తట్టితే సంచిలోనూ కాయ బాగా కడుతుంది.

పండిన కాయ గింజల్ని గుజ్జుతో సహా గ్లాసులో పిండి, రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెట్టు కడుతుంది, గింజ చుట్టూ ఉన్న జిగురు కరుగుతుంది, మంచి గింజలు అడుక్కి దిగుతాయి. కడిగి, పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. కాగితం కవర్లో పెట్టి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని సీసాలో ఉంచితే నాలుగైదేళ్లు మొలకెత్తుతాయి. ఆకుల మీద మొజాయిక్ వైరస్ మచ్చలు (లేత, ముదురు పచ్చ కలగలిసినవి) ఉన్న మొక్క ఎంత గొప్పదైనా గింజ తీయొద్దు, ఆ వైరస్ గింజ పైపొర మీద అంటుకుని పిల్లలకు పాకుతుంది.

రకం అని ఎప్పుడు అనాలి?

రెండు వేర్వేరు సీజన్లలో 20 మొక్కల చొప్పున నాటండి. ఆకు, ఎత్తు, రంగు, ఆకారంలో ఒక్కటీ తేడా లేకుండా, కాయ బరువులో మామూలు హెచ్చుతగ్గులే ఉంటే అప్పుడు పేరు పెట్టండి. అంతకుముందే పంచాలనిపిస్తే కవరు మీద తరం అంకె రాసివ్వండి, తీసుకున్నవాళ్లకు ఏం ఆశించాలో తెలుస్తుంది. వేరే మట్టిలో, వేరే వాతావరణంలో ఇద్దరు ముగ్గురు పెంచి చెప్పేవి మీ పెరట్లో ఎప్పటికీ బయటపడవు. వాళ్లనుంచి పండు ఫొటో, కోసిన ముక్క ఫొటో, మొదటి పండు కోసిన తేదీ తెప్పించుకుని పుస్తకంలో అంటించండి.

ఎఫ్2, ఎఫ్3 గింజల్లో కొంత మాత్రం సీసా అడుగున దాచిపెట్టండి. ఎఫ్7లో రుచి చప్పబడిందని అనిపిస్తే వెనక్కి వెళ్లి ఇంకో కుటుంబంతో మళ్లీ మొదలుపెట్టడానికి ఆ కవర్లే దిక్కు.